గులాబీ కొరకు కట్టిన ఇల్లు

హైదరాబాదునుండి వికారాబాదు వైపు పోవు రోడ్డున మొయినాబాదు దాటి చేవెళ్ళ వరకు వెళ్ళినవారికి రెండు వస్తువులు ముఖ్యముగా కంటబడును. ఒకటి, రోడ్డుకు ఇరువైపుల ఊడలు దించిన పాత మర్రిచెట్లు. రెండవది, చెలకల నడుమ తెల్లగా మెరయు ప్లాస్టిక్ ఇండ్లు. మర్రులు నిజాము కాలము నాటివి. ప్లాస్టిక్ ఇండ్లు నిన్న మొన్నటివి. వీటిని అందరు పాలీహౌసులనియే పిలుచుచున్నారు. వీటిలో గులాబీ, జెర్బెరా, కార్నేషన్ పూలును, ఎరుపు పసుపు రంగుల క్యాప్సికమును పండించుచున్నారు. ఆ పూలు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరి, అక్కడినుండి పెండ్లి పందిళ్ళకును సభా వేదికలకును పోవును.

చక్కగా నడుపు పాలీహౌసులో మొక్కల ఎత్తున ఒక ఉష్ణమాపకము వ్రేలాడుచుండును. గులాబీకి వేడి ఎక్కువైనదా, తక్కువైనదా అని తెలిసికొనుటకు దానిని కట్టుదురు. అదే ఇంటిలో వంగి కలుపు తీయుచు, మొగ్గలు కోయుచు, మందు కొట్టుచు ఉండు కూలీలకు ఎంత వేడి తగును, ఎంత తగదు అని చెప్పు కొలత మాత్రము అక్కడ కనబడుట అరుదు. కట్టడము మొక్క కొరకు. మనిషి అందులోనికి వచ్చి పోవును. ఇది ఎవరి దుర్బుద్ధియు కాదు. ఇంటి నమూనా గీసినవాని ముందున్న ప్రశ్న గులాబీని గూర్చినది. కూలీని గూర్చిన ప్రశ్నను అతనిని ఎవరును అడుగలేదు.

ఈ ప్రాంతమున పనివారి ఆరోగ్యమును గూర్చి మాటలాడునపుడు పొగగొట్టములు, యంత్రశాలలు కంటికి కనబడవు. దానికి కారణము నీరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచివేసినది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాను అనుసరించి, మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరును, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరును కట్టి ముగించిరి. మొయినాబాదు ఈ రెండు జలాశయముల నడుమ నున్నది. ఆ నీరు నగరమునకు త్రాగునీరు కనుక 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ నెంబరు ఉత్తర్వు జారీచేసి, జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించినది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము 69వ నెంబరు ఉత్తర్వుతో ఆ కట్టుబాట్లను సడలించినది. అంతవరకు గడచిన పాతికేండ్లలో ఫ్యాక్టరీ రాని చోట చెలకయే పనిచోటుగా మిగిలినది. నగరము చేరువలోనే ఉండుటచే చెలకలో జొన్నకు బదులు కూరగాయలు, కూరగాయలకు బదులు పూలు వచ్చినవి. 2014 తరువాత రాష్ట్ర ప్రభుత్వము పాలీహౌసు ఖర్చులో నూటికి 75 వంతులు సబ్సిడీగా ఇచ్చుటతో ఆ చెలకలకు పైకప్పు లేచినది.

చెలకకు కప్పు వచ్చుటతో పొలము పని ఒక విధముగా ఇంటిలోపలి పని అయినది. ఇది చిన్న మార్పు కాదు. ఆరుబయట పనిచేయు మనిషికి గాలి అడుగకయే దొరకును. లోపల పనిచేయు మనిషికి గాలిని ఎవరో ఒకరు ఏర్పాటు చేయవలెను. ఈ సంగతిని ప్రపంచము మొదట తెలిసికొన్నది పూలతోటలలో కాదు, నేత షెడ్లలో.

నూలు పోగుకు తేమ కావలెను. గాలి పొడిగా ఉన్నచో పోగు పెళుసై తెగును. తెగిన ప్రతి పోగుకును మగ్గము ఆగును. మన నేతగాండ్రు ఈ విషయమును ఏనాడో గ్రహించిరి. గుంటమగ్గము వద్ద నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుండును; పడుగు నేలకు దగ్గరగా పరచియుండుటచే మట్టిలోని చెమ్మ పోగును మెత్తగా ఉంచును. గుంటలోని చెమ్మ కాళ్ళకు సుఖమైనదని చెప్పుటకు లేదు. అయినను ఇల్లు అతనిది, మగ్గము అతనిది, లేచి తిరుగు స్వేచ్ఛయు అతనిదే.

ఇంగ్లండులోని లంకషైరు మిల్లులలో ఈ మూడును లేవు. అక్కడ యజమానులు పోగు తెగకుండుటకై నేత షెడ్డులోనికి ఆవిరిని వదలసాగిరి. దారము బాగుపడినది. నేతపనివారు తడిసిన బట్టలతో, ఉక్కలో, దినమంతయు నిలిచి పనిచేసి, సాయంకాలము చలిగాలిలోనికి పోయెడివారు. వారి మొర చాల కాలము సాగిన మీదట 1889లో పార్లమెంటు నూలు గుడ్డల ఫ్యాక్టరీల చట్టమును చేసినది. ఏ ఉష్ణోగ్రతలో ఎంత తేమవరకు ఉండవచ్చునో తెలుపు పట్టిక ఒకటి ఆ చట్టములో నుండెను. షెడ్డులో తడి, పొడి ఉష్ణమాపకములను జతగా వ్రేలాడదీసి, దినమునకు రెండుమార్లు చూచి వ్రాసి పెట్టవలెనని నియమము. ఆ పట్టికను కార్మికులు పూర్తిగా మెచ్చుకొనలేదు; హద్దులు ఎక్కువగా ఉన్నవని వారి ఆక్షేపణ. అయినను ఒక మేలు జరిగినది. దారము కొరకు కల్పించిన గాలిలో మనిషి కూడ ఉన్నాడని గోడమీది ఒక పరికరము చెప్పసాగినది.

తడి ఉష్ణమాపకము అనగా మరేమియు కాదు. మామూలు ఉష్ణమాపకపు బుడ్డికి పలుచని గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొనను నీటిలో ముంచి ఉంచుదురు. గుడ్డలోని నీరు ఆవిరియగుచు బుడ్డిని చల్లబరచును. గాలి పొడిగా ఉన్న కొలది ఎక్కువ నీరు ఆవిరియగును, పాదరసము అంత దిగును. గాలి తేమతో నిండియున్నచో దిగనే దిగదు. చెమట పట్టిన మనిషి శరీరము చేయు పని సరిగా ఇదియే.

మన దేహపు ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడు. ఒక మాదిరి శ్రమ చేయు మనిషి గంటకు సుమారు 300 కిలోకేలరీల వేడిని పుట్టించును. చుట్టునున్న గాలి దేహముకంటె వేడిగా ఉన్నపుడు ఈ వేడిని బయటకు పంపుటకు చెమట తప్ప మార్గము లేదు. లీటరు చెమట ఆవిరియైనచో 580 కిలోకేలరీల వేడి పోవును. కాబట్టి గంటకు అర లీటరు ఆవిరియైనచో లెక్క సరిపోవును. అయితే ఆవిరి కావలెను. చుక్కలుగా నేలమీద కారిపోయిన చెమట దేహములోని నీటిని, ఉప్పును తీసికొనిపోవునే కాని వేడిని తీసికొనిపోదు. ఒడలెల్ల తడిసి చెమట ధారగా కారుచుండుట చూచి, బాగుగా చెమట పట్టినది, ఇక ఒళ్ళు చల్లబడునని అనుకొనుట పొరపాటు. ఆ చెమట వృథాగా పోవుచున్నది.

దీనికి అంకె కట్టినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. కార్న్‌వాల్ ప్రాంతపు తగరపు గనులలోను, తన ప్రయోగశాలలోను పరీక్షలు చేసి 1905లో ఆయన తెలిపినదేమనగా: మనిషి వేడిని తాళగలడా లేదా అనుటకు ఆధారము పొడి ఉష్ణమాపకము కాదు, తడి ఉష్ణమాపకము. గాలి కదలని చోట తడి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటినచో, ఊరక కూర్చున్నవాని దేహము కూడ వేడెక్కసాగును. ఒళ్ళు వంచి పనిచేయువానికి ఆ హద్దు ఇంకను చాల దిగువ. గాలి కదలినచో హద్దు కొంత పైకి జరుగును. ఈ చివరి మాట పాలీహౌసు విషయమున చాల ముఖ్యము.

పాలీహౌసులో వేడి ఎందుకు పుట్టును? సూర్యకాంతి గాజు గుండ లోపలికి వచ్చునని, లోపలి నేల వెలువరించు పరారుణ కిరణములను గాజు బయటకు పోనీయదని, అందుచే వేడి చిక్కుకొనునని సాధారణముగా చెప్పుదురు. 1909లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ రెండు చిన్న పెట్టెలు చేసి, ఒకదానికి గాజు పలకను, రెండవదానికి రాతి ఉప్పు పలకను కప్పెను. రాతి ఉప్పు పరారుణ కిరణములను ధారాళముగా పోనిచ్చును. అయినను రెండు పెట్టెలును ఇంచుమించు సమానముగానే వేడెక్కినవి. కారణము ముఖ్యముగా కిరణములు చిక్కుకొనుట కాదు, వేడెక్కిన గాలి పైకి లేచి పోవుటకు దారి లేకపోవుటయే. పల్చని పాలిథీన్ పొర కూడ పరారుణ కిరణములను చాలవరకు పోనిచ్చునదే. అయినను దాని క్రింద మధ్యాహ్నము నిలువలేము. వాతావరణమును గూర్చి చెప్పునపుడు హరితగృహ ప్రభావమను మాట వాడుదురు. అక్కడ కిరణములే ప్రధానము. తోటలోని ఇంటి విషయమున మాత్రము గాలి ప్రధానము.

దీనినుండి తేలునదేమి? వేడికి కారణమైన గాలి నిలుకడయే, చెమట ఆరకుండుటకును కారణము. రెండు దెబ్బలకు మూలము ఒక్కటే. కొప్పు దగ్గర గవాక్షము ఉన్నదా, ప్రక్క తెరలు ఎత్తుటకు వీలున్నదా అను విషయములపై లోపలివారి ప్రాణము ఆధారపడియున్నది. మన వైపు పాలీహౌసులు చాలవరకు యంత్రపు పంకాలు లేనివే. గట్టరు 4 మీటర్ల పైబడి, కొప్పు 6 మీటర్ల పైబడి కట్టి, వేడిగాలి కొప్పు గవాక్షమునుండి తానే పోవునట్లు ఏర్పాటు చేయుదురు. ఏర్పాటు మంచిదే. కాని తామర పురుగులు రాకుండ గవాక్షములకును ప్రక్కలకును సన్నని వల బిగింతురు. వల కన్ను సన్నమైన కొలది పురుగు ఆగును, గాలియు ఆగును. వల కట్టినపుడు గవాక్షమును ఆ మేరకు పెద్దది చేయవలెను. ఖర్చునకు వెరచి గవాక్షమును అంతే ఉంచి వల మాత్రము కట్టినచో, గులాబీకి పురుగు బాధ తగ్గి మనిషికి ఉక్క బాధ హెచ్చును.

వేడి ఎక్కువైనపుడు ఫాగర్లు తెరచుదురు. మంచు వలె సన్నని నీటి తుంపరలు గాలిలో కలిసి ఆవిరియగుచు గాలిని చల్లబరచును. ఒక ఉదాహరణము తీసికొందము. వేసవిలో లోపలి గాలి పొడి ఉష్ణమాపకముపై 38 డిగ్రీలు, తడి ఉష్ణమాపకముపై 25 డిగ్రీలు ఉన్నదనుకొనుడు. తేమ నూటికి 35 వంతులు. ఫాగరు పనిచేసిన తరువాత పొడి ఉష్ణోగ్రత 30కి దిగినది. మొక్కల నడుమనున్న ఉష్ణమాపకము చూచి యజమాని తృప్తిపడును. కాని తడి ఉష్ణమాపకము 25 వద్దనే ఉన్నది. తేమ నూటికి 67 వంతులకు పెరిగినది. పనివారికి మేలు జరుగలేదని అనలేము, ఒంటికి తగులు గాలి వేడి తగ్గినది గదా. కాని జరిగిన మేలు ఉష్ణమాపకము చూపినంత కాదు. పైగా ఎండ లోపలికి వచ్చుచునే యుండును, ఆకులు నీటిని విడుచుచునే యుండును. గవాక్షములు చాలనిచో గంట గంటకు తడి ఉష్ణోగ్రతయు ఎక్కును. అప్పుడు ఆ ఇల్లు లంకషైరు నేత షెడ్డునకు చుట్టమగును.

ఇక మందుల సంగతి. గులాబీ తినెడిది కాదు, చూచెడిది. ఆకుమీద ఒక్క మచ్చ ఉన్నను ధర పడిపోవును. అందుచే పురుగుమందు, తెగులుమందు తరచుగా కొట్టవలసి వచ్చును. ఆరుబయట కొట్టిన మందును గాలి కొంత కొనిపోవును, ఎండ కొంత విరుచును. కప్పు క్రింద అది నిలిచియుండును. ఆకులమీద పడినది మరునాడు కోయు చేతులకు అంటును. తడిసిన చర్మముద్వారా మందు సులభముగా లోపలికి ఇంకునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది; అనగా ఉక్కకును విషమునకును పొత్తు కుదిరినది. కొలంబియా దేశమున బొగోటా పరిసరములందలి పూలతోటలలో పనిచేయు 8,867 మందిని పరిశీలించిన వైద్యులు 1990లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ పనిలో ప్రవేశించిన పిమ్మటి కాన్పులలో గర్భస్రావములు, నెలలు నిండని పుట్టుకలు కొంత ఎక్కువగా నుండెనని అందులో తేలినది.

మన దేశమున 1958లో కేరళ, మద్రాసు రాష్ట్రములలో పురుగుమందు కలిసిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిన తరువాత జరిగిన విచారణల ఫలితముగా 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. మందు కొట్టువారికి రక్షణ దుస్తులు, ముసుగు ఇయ్యవలెనని దాని క్రింది నియమములు చెప్పుచున్నవి. మంచి నియమమే. కాని 35 డిగ్రీల ఉక్కలో రబ్బరు తొడుగులు, ముసుగు, మందపు కోటు తొడిగినవాని చెమట ఎక్కడ ఆరును? దుస్తులు విషమును ఆపును, చెమటను కూడ ఆపును. తొడుగు విప్పి పారవైచిన కూలీని మూర్ఖుడని నిందించుట సులభము. అతడు రెండు ప్రమాదములలో కంటికి కనబడుదానినుండి తప్పుకొనుచున్నాడు, అంతే. ఇట్టి చోట తొడుగు ఒక్కటియే రక్ష కాజాలదు. మందు కొట్టు వేళ, గాలి పోవు దారి, మరల లోపలికి ప్రవేశించు గడువు, ఇవి ముందు కుదరవలెను. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో పనివారి వ్యాధులపై గ్రంథము వ్రాయుచు, రోగిని అతని వృత్తి ఏదని కూడ అడుగుమని వైద్యులకు చెప్పెను. తలనొప్పి, కండ్లు మసకలు అని చేవెళ్ళ ఆసుపత్రికి వచ్చిన స్త్రీని ఆ ప్రశ్న అడిగినచో సగము వైద్యము అక్కడనే జరుగును.

చట్టము పాలీహౌసును ఎట్లు చూచినది? మన తొలి ఫ్యాక్టరీ చట్టము 1881 నాటిది. 1948 నాటి చట్టము వాటన్నిటికంటె విపులమైనది. లోపలి ఉష్ణోగ్రత వీలైనంత తక్కువగా ఉండునట్లు గోడలు, కప్పు నిర్మింపవలెనని దాని 13వ సెక్షను చెప్పెను. చట్టము కట్టడపు రూపమునే పట్టించుకొనినదన్నమాట. 15వ సెక్షను కృత్రిమముగా తేమ కల్పించు ఫ్యాక్టరీలను గూర్చినది. నేత షెడ్ల పాత కథ అందులో కనబడును. 1934లో వరంగల్లున వెలసిన ఆజంజాహి మిల్లు వంటివాటికి ఈ సెక్షన్లు వర్తించెను. 150 మందికి మించిన చోట విశ్రాంతి గది, 250 మందికి మించిన చోట క్యాంటీను, 30 మందికి మించి స్త్రీలున్న చోట పసిబిడ్డల గది కావలెనని ఆ చట్టము కోరెను. కాని ఫ్యాక్టరీ అనగా వస్తువును తయారుచేయు చోటు. పూలు పూయించుట తయారీ కాదు. పైగా ఎకరము పాలీహౌసులో పనిచేయునది కొద్దిమందియే. ఒక చమత్కారము చూడుడు. 1976 సవరణతో వస్తువులను చలిగదిలో నిలువచేయుట కూడ తయారీ క్రిందికి వచ్చినది. కాబట్టి, చాలినంతమంది పనివారున్నచో, గులాబీ చలిగదిలోనికి ప్రవేశించిన పిమ్మట దాని చుట్టు పనిచేయువారికి ఫ్యాక్టరీ చట్టపు రక్షణ దొరకును. ఉక్కలో ఉండి దానిని కోసినవారికి మాత్రము దొరకదు! 2020లో పార్లమెంటు పాత చట్టములను కలిపి పనిచోటి భద్రత, ఆరోగ్యములకు ఒక కోడు చేయగా అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందులో ఫ్యాక్టరీ అనుటకు ఉండవలసిన పనివారి సంఖ్యను విద్యుచ్ఛక్తి ఉన్నచోట 10నుండి 20కి, లేనిచోట 20నుండి 40కి పెంచిరి. చిన్న పనిచోట్లు ఇంకను దూరమైనవి.

ఇన్స్పెక్టరు రాని చోట కట్టడమే ఇన్స్పెక్టరు పని చేయవలెను. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కప్పుపై వేసవిలో తెల్లని పూత పూసినను, లోపల నీడవల లాగినను మొక్కకును మనిషికిని కలిసివచ్చును. ఎదురెదురుగా రెండు తలుపులుండి, సాళ్ళ నడుమ బండి నడచునంత దారి ఉన్నచో గంపలు మోసి నడుము విరుగదు. పూలు ఏరి ఇరువదేసి చొప్పున కట్టలు కట్టు బల్ల మోచేతి ఎత్తున ఉండవలెను. నేలమీద గొంతుకూర్చుండి కట్టుట అలవాటే కావచ్చును, కాని అలవాటైనంత మాత్రమున మోకాళ్ళు ఊరకుండవు. మందు సాయంకాలము అందరును వెడలిన పిమ్మట కొట్టి, రాత్రి అంతయు తెరలు ఎత్తి ఉంచుట మేలు. మందు పెట్టెపై మరల ప్రవేశించు గడువు వ్రాసియున్నచో అది తీరువరకు ఎవరును పోరాదు. సబ్బు, నీళ్ళు, బట్టలు మార్చుకొనుటకు చాటు, స్త్రీలకు మరుగుదొడ్డి ఇంటి నమూనాలోనే గీయవలసినవి. తరువాత చూచుకొందమని వదలినవి ఎన్నడును రావు.

అన్నిటికంటె ముందు నీడ. పూర్వము ప్రతి చెలక గట్టున ఒక వేపయో, చింతయో ఉండెడిది. కూలీలు పగటి అన్నము దాని క్రింద తినెడివారు. పాలీహౌసు కట్టునపుడు, నీడ ప్లాస్టిక్‌పై పడి పంటకు వెలుతురు తగ్గునని ఆ చెట్టును మొదట నరుకుదురు. దక్షిణపు నీడ పంటకు చేటే. ఉత్తరపు గట్టున ఉన్న చెట్టు నీడ సంవత్సరములో చాల భాగము ప్లాస్టిక్‌పై పడదు. ఆ ఒక్కదానిని ఉంచి, క్రింద రెండు బల్లలు, ఒక నీళ్ళకుండ పెట్టినచో విశ్రాంతి గది సిద్ధము. చేవెళ్ళ రోడ్డు మర్రుల కొరకు హరిత ట్రిబ్యునల్ వరకు పోయినవారున్నారు. గట్టుమీది వేప కొరకు ఎవరును పోలేదు.

మహారాష్ట్ర ఫ్యాక్టరీ నియమములలో పని గదిలో నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున తడి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మించరాదని, గాలి నిమిషమునకు 30 మీటర్లయినను కదలవలెనని వ్రాసిరి. మొయినాబాదు పాలీహౌసునకు ఈ నియమము వర్తింపదు. అయినను ఆ అంకెను అరువు తెచ్చుకొనుటకు అడ్డు లేదు. ఇప్పటికే వ్రేలాడుచున్న ఉష్ణమాపకము ప్రక్కన రెండవదానిని కట్టి, దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టినచో చాలును. అది 30కి చేరకముందే, ఎండకాలమున పదిగంటల ప్రాంతముననే, పని నిలుపవలసి రావచ్చును. పని పోవునని రైతు వెరవనక్కరలేదు. ఎండెక్కిన తరువాత కోసిన గులాబీ త్వరగా వాడును. తెల్లవారుజామున చల్లని వేళ కోసినది మార్కెట్టులో ఎక్కువ దినములు నిలుచును.